రెండు రెక్కల చదువు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఏటేట వైద్యవిద్యా ప్రవేశపరీక్ష ఫలితములు వెలువడు దినమున ఈ గ్రంథాలయపు పత్రికల బల్లచుట్టు ఎంత సందడిగా నుండునో చందాదారు లందరికిని తెలిసినదే. ఆనాడు తల్లిదండ్రుల నోట మూడు ప్రశ్నలు వినవచ్చును. చదువు ఎన్ని యేండ్లు? ఖర్చు ఎంత? తరువాత రాబడి ఎంత? ఈ మూడును న్యాయమైన ప్రశ్నలే. ఇల్లు గడుపుకొనువాడు జమాఖర్చులు చూచుకొనక తప్పదు. అయితే నాల్గవ ప్రశ్న యొకటి కలదు. అది మాత్రము ఆ బల్లయొద్ద వినబడుట అరుదు. ఈ బిడ్డ తెలిసిన వైద్యమును చేయగోరుచున్నదా, లేక వైద్యమునకు ఇంకను తెలియనిదానిని తెలిసికొనగోరుచున్నదా? ఆ రెండును కోరునట్టి బిడ్డ అయినచో దానికి తగిన చదువేది?

ఈ నాల్గవ ప్రశ్ననే ఎదుట కూర్చుండబెట్టి అడిగి, వచ్చిన సమాధానమునుబట్టి విద్యార్థిని చేర్చుకొను చదువు అమెరికా సంయుక్త రాష్ట్రములలో నొకటి కలదు. దానిని ఎం.డి.–పిహెచ్.డి. అందురు. ఆ చదువున ప్రవేశము ఎట్లు లభించును, ఆ ప్రవేశమునకై జరుగు ఇంటర్వ్యూలో ఏమి అడుగుదురు, ఎందుకు అడుగుదురు అనునదే ఈ ప్రసంగవిషయము.

ముందుగా పేరులోని చిక్కును విప్పవలెను. ఈ దేశమున ఎం.బి.బి.ఎస్. ముగిసిన తరువాత చదువు పై చదువును ఎం.డి. అందురు. అమెరికాలో అట్లు కాదు. అచ్చట నాలుగేండ్ల కళాశాల చదువు ముగించి పట్టము పొందినవారు వైద్యకళాశాలలో చేరుదురు. మరి నాలుగేండ్లకు వచ్చు మొదటి వైద్యపట్టమే అచ్చటి ఎం.డి. ఇక పిహెచ్.డి. యనగా ఒక శాస్త్రమున ఇదివరకు ఎవ్వరికిని తెలియని విషయము నొకదానిని స్వయముగా కనుగొని, పండితుల యెదుట నిలిచి స్థాపించినవానికి ఇచ్చు పట్టము. ఈ రెండింటిని ఒకే విద్యార్థి ఒకే క్రమమున సాధించుటయే సంయుక్తవిద్య. సాధారణముగా మొదటి రెండేండ్లు వైద్యశాస్త్ర పాఠములు, పిమ్మట మూడు మొదలు అయిదేండ్లు ప్రయోగశాలలో పరిశోధన, మరల వెనుకకు వచ్చి ఆసుపత్రిలో రోగుల చెంత రెండేండ్లు. మొత్తము మీద ఎనిమిదేండ్లు పట్టుట పరిపాటి.

ఈ ఆలోచన పడమటివారికే పుట్టినదని తలంపరాదు. శాస్త్రము మాత్రమే తెలిసి కర్మాభ్యాసము లేనివాడును, కర్మాభ్యాసము మాత్రమే యుండి శాస్త్రము తెలియనివాడును ఒంటిరెక్క పక్షులవంటివారని సుశ్రుతసంహిత సూత్రస్థానమున ఆచార్యుడు ఎన్నడో హెచ్చరించియున్నాడు. ఒక రెక్కతో పక్షి ఎగురజాలదు గదా! సుశ్రుతుడు చెప్పిన శాస్త్రము నాటికి ఏర్పడియున్న శాస్త్రము. నేటి రెండవ రెక్క ఇంకను ఏర్పడవలసిన శాస్త్రము. భేద మంతియే.

అమెరికాలో ఈ సంయుక్తవిద్య 1956వ సంవత్సరమున క్లీవ్‌లాండు నగరమందలి వెస్టరన్ రిజర్వు విశ్వవిద్యాలయమున మొదలైనది. 1964లో ఆ దేశపు జాతీయ ఆరోగ్యసంస్థలవారు ఇట్టి విద్యార్థులకు ప్రభుత్వధనముతో తోడ్పడుటకై వైద్యశాస్త్రజ్ఞుల శిక్షణ పథకము నొకదానిని నెలకొల్పిరి. ఆల్బర్టు ఐన్‌స్టీను వైద్యకళాశాల, న్యూయార్కు విశ్వవిద్యాలయము, నార్త్‌వెస్టరన్ విశ్వవిద్యాలయము అను మూడు స్థానములతో మొదలైన ఆ పథకము నేడు ఏబదికి పైబడిన విద్యాస్థానములకు వ్యాపించినది. ఇందు చేరినవారికి జీతము కట్టు పని లేదు. పైగా భోజనవసతులకు సరిపడు వేతనమును ఇత్తురు. ఇంత ధనము వెచ్చించుటకు కారణ మేమన, రోగి మంచము ప్రక్కన నిలిచినవానికి పరిశోధన తెలియదు. పరిశోధన తెలిసినవాడు రోగిని చూచి యెరుగడు. ఈ నడుమ గోతిపై వంతెన వేయుటకు మనుష్యులు కావలెను. 1979లో జేమ్సు వింగార్డెను అను వైద్యాచార్యుడు రోగిని చూచుచు పరిశోధన సాగించు వైద్యుని అంతరించిపోవు జాతితో పోల్చి వ్యాసము వ్రాసెను. అటువంటివాని కొరత ఆ సంపన్నదేశమునకే అంతగా తగిలినది.

ఈ చదువు తొలినాళ్ళలో చేరినవారిలో ఇద్దరి వృత్తాంతము తెలిసికొనదగియున్నది.

ఒకడు ఫెరిడ్ మురాద్. 1936లో ఇండియానా రాష్ట్రమందలి వైటింగ్ అను చిన్న పట్టణమున పుట్టెను. తండ్రి అల్బేనియను జాతివాడు, వలసవచ్చినవాడు. తల్లిదండ్రులు భోజనశాల నడుపుచుండిరి. బాలుడు అందులో గిన్నెలు కడిగెను, వడ్డన చేసెను. ఎవరు ఏమి అడిగిరో కాగితముపై వ్రాసికొనక జ్ఞాపకముంచుకొని, చివరకు మొత్తమెంతయో మనస్సులోనే కూడి చెప్పుట ఆతనికి ఆటగా నుండెడిదట. కళాశాలలో చదువుచుండగా, క్లీవ్‌లాండులో ఒక క్రొత్త చదువు మొదలైనదనియు, అందు రెండు పట్టములకును జీతము లేదనియు, పైగా వేతన మిత్తురనియు ఉపాధ్యాయు డొకడు చెప్పెను. వైద్యవిద్యకు కావలసిన ధనము లేని ఇంటి పిల్లవానికి అంతకంటె మంచిమాట యేముండును? 1958లో చేరెను, 1965లో రెండు పట్టములతో బయటికి వచ్చెను.

గుండెనొప్పి వచ్చినపుడు నాలుకక్రింద ఉంచుకొను నైట్రోగ్లిసరిను మాత్రను ఎరుగనివారు ఈ సభలో నుండరు. ఆ మందు సుమారు నూరేండ్లు వాడుకలో నుండెను గాని, అది ఏల పనిచేయునో ఎవ్వరికిని తెలియదు. 1977లో మురాద్ దాని మర్మమును పట్టుకొనెను. ఆ మాత్రనుండి నైట్రిక్ ఆక్సైడు అను వాయువు వెలువడి రక్తనాళముల కండరములను సడలించుచున్నదని చూపెను. 1998లో మరి యిద్దరితోపాటు ఆతనికి నోబెల్ బహుమానము వచ్చెను. మాత్ర నిచ్చుట వైద్యము. మాత్ర ఏల పనిచేయుచున్నదని అడుగుట పరిశోధన. ఒక్క మనుష్యుని యందే ఈ రెండు బుద్ధులును ఉండుట ఎట్టిదో ఈ యొక్క ఉదాహరణమున తేటపడును.

రెండవవాడు ఆల్‌ఫ్రెడ్ గిల్‌మన్. ఇతనిది పేదయిల్లు కాదు. తండ్రి ఔషధశాస్త్రమున ప్రసిద్ధగ్రంథము వ్రాసిన పండితుడు. ఆ క్లీవ్‌లాండు చదువున చేరుమని పిలుపు వచ్చినపుడు మాత్రము ఇతడు వెనుకాడెను. ఇరువదియేండ్లు దాటీదాటని వానికి ఏడేండ్ల చదువు శిక్షవలె తోచినది. తరువాత మనసు మార్చుకొని చేరెను. శరీరమున హార్మోనులు తెచ్చు వార్త కణపు గోడ బయటనుండి లోపలికి ఎట్లు అందునో కనుగొన్నవారిలో ఒకడై 1994లో నోబెల్ బహుమానమును పంచుకొనెను. తొలుత సందేహించినవాడు అయోగ్యుడు కాడనుటకు ఇతడే సాక్షి. ఏడేండ్ల మాట విని తటపటాయించిన పిల్లవానిని పిరికివాడని తిట్టుట తగదు. ఆలోచించుకొనుటకు వానికి వ్యవధి ఇయ్యవలెను.

ఇక నేటి ప్రవేశవిధానమునకు వత్తము. ఈ దేశపు పద్ధతికిని ఆ పద్ధతికిని హస్తిమశకాంతరము కలదు. ఇచ్చట ఒక్క పరీక్ష, ఒక్క ర్యాంకు, దానితో సరి. అచ్చట పరీక్ష ద్వారమునకు తాళపుచెవి మాత్రమే. లోపలికి నడువవలసినది వేరు.

తాళపుచెవి యనదగిన పరీక్షను ఎంక్యాట్ అందురు. విరామములతో కలిపి సుమారు ఏడున్నర గంటలు సాగును. మార్కులు 472 మొదలు 528 వరకు. భౌతిక రసాయన జీవశాస్త్రములే గాక మనోవిజ్ఞానము, సంఘశాస్త్రము, చదివినదానిని విమర్శించి గ్రహించు శక్తి కూడ అందు పరీక్షింపబడును. అటుపిమ్మట దరఖాస్తు. వైద్యకళాశాలలలో చాలవాటికి కలిపి ఒకే దరఖాస్తు పద్ధతి యున్నది. అందులో వైద్యుడు కాగోరుటకు కారణము వ్రాయుట అందరికిని ఉన్నదే. రెండు పట్టములు కోరువారు మరి రెండు వ్యాసములు వ్రాయవలెను. ఒకటి రెండును ఏల కావలెనో చెప్పునది; ఖాళీలతో సహా 3,000 అక్షరములకు మించరాదు. రెండవది తాను చేసిన పరిశోధనను వివరించునది. దానికి 10,000 అక్షరముల వరకు చోటు కలదు. ఏ ప్రయోగశాలలో పనిచేసిరో ఆ ఆచార్యుల అభిప్రాయలేఖలు కూడ జతపరుపవలెను. పరిశోధనలో చెయ్యి తడపకుండ ఈ వాకిట నిలుచుట వ్యర్థము. అందుచేతనే అనేకులు కళాశాల చదువు ముగిసిన వెంటనే దరఖాస్తు పెట్టక, ఒకటి రెండేండ్లు ప్రయోగశాలలో పనిచేసి, ఈ బ్రతుకు తమకు పడునో పడదో చూచుకొందురు. ఆ యేండ్లు వృథా యని అచ్చట ఎవ్వరును అనుకొనరు.

ఆ దేశమంతట ఏటేట ఈ సంయుక్తవిద్యకు దరఖాస్తు పెట్టువారు ఇటీవలి కాలమున రెండువేలకు దరిదాపుగా నుందురు. చేరువారు ఏడువందల ప్రాంతము. దరఖాస్తులు చూచి, తగినవారని తోచినవారిని ఇంటర్వ్యూకు పిలుతురు. శరత్కాలమున మొదలై శిశిరము ముగియువరకు ఈ పిలుపులు సాగును. వైద్యపట్టమునకు మాత్రమే పోవువానికి ఒకటి రెండు సంభాషణలతో ముగియవచ్చును. రెండు పట్టముల అభ్యర్థికి అట్లు కాదు. పలువురు ఆచార్యులతో ఒకరి తరువాత ఒకరితో విడివిడిగా మాటలాడవలెను. స్వయముగా పోయినచో ఇది తరచుగా రెండు దినములు పట్టును. 2020లో వచ్చిన మహమ్మారి కాలమునుండి అనేక విద్యాస్థానములు దీనిని కంప్యూటరు తెరపైననే జరుపుచున్నవి.

ఆ గదిలో అడుగు ప్రశ్నలు మూడు తెగలు.

మొదటిది: నీవు చేసిన పని యేమి? ఈ ప్రశ్న వినుటకు సులభము, చెప్పుటకు కఠినము. పరిశోధనలో తేల్చదలచిన సందేహ మేమి, దానికి ఏ ఉపాయము పన్నితిరి, పోల్చిచూచుట కేమి ఉంచుకొంటిరి, ఫలితము వేరుగా వచ్చియుండిన దాని కర్థ మేమి అని లోతునకు పోవుదురు. పోల్చిచూచుట యనగా ఏమో రైతులకు వేరుగ చెప్పనక్కరలేదు. క్రొత్త ఎరువు మంచిదని అంగడివాడు చెప్పిన, తెలివిగల రైతు మడి యంతయు చల్లడు. ఒక మడికి వేసి, ప్రక్కమడిని వేయక వదలి, నీరు దమ్ము విత్తనము రెండింటికిని సమానముగా నుంచి, కోతనాడు కాటా వేసి చూచును. ఆ వదలిన మడి లేనిచో వచ్చిన పంట ఎరువువలన వచ్చినదో వానవలన వచ్చినదో చెప్పువాడు లేడు. ప్రయోగశాలలోనైనను న్యాయ మిదియే. అభ్యర్థికి ఆ వదలిన మడి యెక్కడనో తెలిసియుండవలెను. ముద్రితమైన వ్యాసమున ఆతని పేరున్నచో, అందు నీ చేతిపని ఎంత యని అడుగుదురు. పదిమంది చేసినదానిని తానే చేసినట్లు చెప్పుకొన్నవాడు రెండవ ప్రశ్నకు తడబడును, మూడవదానికి పట్టుపడును.

రెండవ తెగ ప్రశ్న: రెండును ఏల? రోగులకు మేలు చేయగోరినచో వైద్యపట్టము చాలును గదా! శాస్త్రముపై ప్రీతియున్నచో పిహెచ్.డి. చాలును గదా! వైద్యులు పరిశోధనలు చేయుటలేదా? పిహెచ్.డి. వారు రోగముల మర్మము కనుగొనుటలేదా? ఈ ఆక్షేపణలన్నియు నిజమే. నాకు రెండును ఇష్టమే అన్నంత మాత్రమున సమాధానము కాదు. లడ్డూయు జిలేబియు రెండును ఇష్టమనుట వంటిది అది. రోగి చెంత పుట్టిన ఏ సందేహము తన్ను ప్రయోగశాలకు నడిపించినదో, ప్రయోగశాలలో తేలిన ఏ విషయము తన్ను మరల రోగికడకు పంపుచున్నదో, ఆ త్రోవను చూపగలిగినవాని మాటలో బలముండును. ముప్పదియేండ్ల తరువాత నీ దినము ఎట్లు గడచునని కూడ అడుగుదురు. వారమున ఎన్నిదినములు ఆసుపత్రిలో, ఎన్నిదినములు ప్రయోగశాలలో నుండదలచితివో ఆలోచించుకొన్నావా యని దాని భావము.

మూడవ తెగ: నీ ఓటమిని గూర్చి చెప్పుము. పరిశోధనలో పదిటికి తొమ్మిది ప్రయత్నములు భంగపడుట వింత కాదు. నెలల తరబడి చేసిన పని బూడిదలో పోసిన పన్నీరైననాడు ఏమి చేసితివి? తప్పు ఎక్కడనో వెదకితివా, ఇతరులపై నెట్టితివా, మరల మొదలుపెట్టితివా? ఎనిమిదేండ్ల ప్రయాణమునకు బయలుదేరువానిలో చూడవలసినది మెరుపు కాదు, నిలకడ. తెలియని ప్రశ్నకు తెలియదని చెప్పి, తెలిసికొనుటకు ఏ దారిని పోవుదునో చెప్పిన అభ్యర్థిపై ఆచార్యులకు గౌరవము పెరుగును. తెలియనిచోట మొదలగునదే గదా పరిశోధన!

ఇచ్చట భారతమందలి రెండు ప్రవేశకథలు స్మరింపదగినవి. దేవదానవ యుద్ధమున చచ్చిన దానవులను శుక్రాచార్యుడు మృతసంజీవనీ విద్యచే బ్రతికించుచుండెను. ఆ విద్యకై దేవతలు బృహస్పతి కుమారుడైన కచుని పంపిరి. శత్రుపక్షమువాడు పోయి నిలిచినపుడు పేరు మార్చుకొనలేదు, కులము దాచుకొనలేదు. తాను కచుడననియు, బృహస్పతి కుమారుడననియు, శిష్యుడనై సేవింప వచ్చితిననియు విన్నవించెను. శుక్రుడు సంతోషించి చేర్చుకొనెను. కర్ణుని కథ వేరు. అస్త్రవిద్యకై పరశురామునికడ తాను బ్రాహ్మణుడనని చెప్పి చేరెను. విద్య వచ్చెను, కాని కావలసిన వేళకు జ్ఞప్తికి రాకుండునట్లు శాపము కూడ దానితోనే వచ్చెను. అతనికి పుట్టుకవలన కలిగిన అవమానములు తలచినచో జాలి కలుగును. ఐనను అబద్ధముమీద కట్టిన విద్య అక్కరకు రాలేదన్నది మాత్రము కథ చెప్పు సత్యము. గొప్ప విద్యాస్థానపు వాకిట నిలిచిన పిల్లవాడు తెలిసికొనవలసిన ఇంటర్వ్యూ రహస్యము ఇంతకుమించి లేదు.

పరీక్ష ఒకవైపు మాత్రమే జరుగునని కూడ తలంపరాదు. చరకసంహిత విమానస్థానమున శిష్యుని పరీక్షించుటకు పూర్వము శిష్యుడే శాస్త్రమును, ఆచార్యుని పరీక్షించి ఎన్నుకొనవలెనని చెప్పబడినది. అమెరికా ఇంటర్వ్యూలలో అభ్యర్థికి కూడ అడుగుటకు అవకాశ మిత్తురు. ఇచ్చట చేరినవారికి రెండు పట్టములకు ఎన్నేండ్లు పట్టుచున్నది? నడుమ విడిచిపోవువా రెందరు? ప్రయోగశాలనుండి ఆసుపత్రికి మరలి వచ్చునపుడు మరచిన వైద్యమును ఎవరు జ్ఞప్తికి తెత్తురు? అచ్చట చదువుచున్న విద్యార్థులతో కలిసి భోజనము చేయుటయు, మాటలాడుటయు ఆ కార్యక్రమమున భాగమే. ఆచార్యుడు చెప్పని కష్టములను వారు చెప్పుదురు. అడుగవలసినది అడుగక చేరి, పిదప వగచుట అవివేకము.

ఇంటర్వ్యూలు ముగిసిన పిమ్మట కమిటీలు కూర్చుండి నిర్ణయింతురు. కొందరికి ప్రవేశము, కొందరికి నిరీక్షణ, కొందరికి నిరాకరణము. ఒకటికంటె ఎక్కువచోట్ల ప్రవేశము వచ్చినవాడు సాధారణముగా ఏప్రిల్ 30వ తేదీలోగా ఒక్కదానిని నిలుపుకొని తక్కినవానిని విడువవలెను. విడిచిన ప్రతి చోటును నిరీక్షించువానికి అన్నము. అందుచే తేల్చుకొన్న వెంటనే విడుచుట ధర్మము. నిరాకరింపబడినవారిలో అనేకులు మరుసటి సంవత్సరము మరల ప్రయత్నింతురు. కొందరు ఒక్క పట్టముతోనే తృప్తిపడి, ఆ దారినే గొప్ప సేవ చేయుదురు. రెండు పట్టములు లేనివాడు పరిశోధకుడు కాజాలడని ఏ శాస్త్రమును చెప్పుటలేదు.

ఖర్చు పద్దు కూడ చెప్పకున్న లెక్క పూర్తికాదు. జీతము లేకపోవుట జమ. ఎనిమిదేండ్ల వయస్సు ఖర్చు. పట్టములు చేతికి వచ్చిన తరువాత కూడ వైద్యశాఖనుబట్టి మరి మూడు మొదలు ఏడేండ్లు ఆసుపత్రి శిక్షణ కలదు. తోడివారు ఇండ్లు కట్టుకొని పిల్లలను బడికి పంపుచుండగా ఇతడింకను విద్యార్థియే. వచ్చిన సంపాదనయు, ప్రయోగశాలలో సగముకాలము గడపువానికి, రోగులనే చూచు వైద్యునికంటె తక్కువగా నుండుట సాధారణము. ఈ పద్దు చూచియు ముందునకు పోవువాడే పోవలెను. తల్లిదండ్రులు చూపకుండ దాచి పంపరాదు. చూపి భయపెట్టి ఆపరాదు.

ఇచ్చటి పిల్లలకు ఈ దారి యెంతవరకు తెరచియున్నది? ఉన్నదున్నట్లు చెప్పవలెను. అమెరికా ప్రభుత్వపు శిక్షణధనము ఆ దేశపు పౌరులకును, శాశ్వత నివాసులకును మాత్రమే. పరదేశవిద్యార్థులను తమ సొంత ధనముతో చేర్చుకొను విద్యాస్థానములు కొలదిగా మాత్రమే కలవు. అచ్చట స్థిరపడిన తెలుగు కుటుంబముల పిల్లలకు ఆ వాకిలి తిన్నగా తెరచియున్నది. ఇచ్చటివారికి వేరొక త్రోవ కలదు. ఎం.బి.బి.ఎస్. పట్టము గలవారు కూడ సి.ఎస్.ఐ.ఆర్.–యు.జి.సి. జాతీయ అర్హతపరీక్షకు కూర్చుండి, ఉత్తీర్ణులై, పరిశోధనావేతనముతో పిహెచ్.డి. చేయవచ్చును. ఒకదాని తరువాత ఒకటిగా రెండు రెక్కలు మొలిపించుకొను మార్గ మది. ఈ సంగతి వైద్యవిద్యార్థులలోనే అనేకులకు తెలియదు.

ఆ మార్గమున, ఏ పథకమును లేని రోజులలో, ముందుగా నడచిన తెలుగువాని పేరు యెల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరమున పుట్టెను. మెట్రిక్యులేషను మూడవసారి గాని దాటలేదు. మదరాసు వైద్యకళాశాలలో చదువుచు గాంధీగారి పిలుపు విని ఖద్దరు ధరించుటచే ఆంగ్లేయుడైన శస్త్రవైద్యాచార్యుని ఆగ్రహమునకు గురియయ్యెను. ఎం.బి.బి.ఎస్. రావలసినచోట ఎల్.ఎం.ఎస్. అను తక్కువ పట్టము వచ్చెను. 1921లో ఇద్దరు సోదరులు స్ప్రూ అను గ్రహణివంటి రోగముచే కొలదిదినముల యెడముతో మరణించిరి. మామగారును, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థవారును తోడ్పడగా అమెరికా చేరెను. హార్వర్డు విశ్వవిద్యాలయపు ఉష్ణమండల వైద్యవిద్యాలయమున ప్రవేశము దొరికెను గాని వేతనము దొరకలేదు. పట్టభద్రుడైన వైద్యుడు రాత్రులందు ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు కడిగి పొట్టపోసికొనెను. పగలు చదివెను. 1930లో హార్వర్డునుండి పిహెచ్.డి. పొందెను. అప్పటికే ఫిస్కె అను ఆచార్యునితో కలిసి శరీరమందలి భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించియుండెను; కండరములకు శక్తినిచ్చు పదార్థముల గుట్టును విప్పుటలో పాలుగొనియుండెను.

1940 తరువాత లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వమున పనిచేసిన బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను. అది స్ప్రూ రోగులకు కూడ పనికివచ్చు మందు. తన సోదరులను పొట్టనబెట్టుకొన్న రోగమునకు మందు చేతికి వచ్చునప్పటికి ఇరువది నాలుగేండ్లు గడచినవి. నేడు గర్భవతులకు ఆరోగ్యకార్యకర్త ఇంటింటికి తెచ్చి యిచ్చు మాత్రలలో నున్నది ఆ ఫోలిక్ ఆమ్లమే. బోదకాలు వ్యాధికి కోస్తా జిల్లాలలో ఊరూర పంచిన డి.ఇ.సి. మాత్ర కూడ 1947లో ఆయన బృందమునుండి వెలువడినదే. 1948 ఆగస్టులో ఆయన మరణించెను. వెనుకకు మరలి స్వగ్రామమును చూడలేదు. వివాహమాడిన శేషగిరిగారిని మరల కలిసికొనలేదు. ఆ ఖర్చు ఏ పద్దులోను వ్రాయబడలేదు. చెల్లించినవారు మాత్రము ఇద్దరు. ఆయనను పొగడునపుడు ఆమెను మరచుట కృతఘ్నత.

కచుని కథలో చివరి ఘట్టము చెప్పి ముగించుట యుక్తము. దేవయాని కోపించి, నీవు నేర్చిన విద్య నీకు ఫలింపకుండుగాక యని శపించెను. కచుడు కలతపడలేదు. తనకు ఫలింపకున్నను తాను ఎవరికి నేర్పుదునో వారికి ఫలించునని బదులు చెప్పి వెడలిపోయెను. పరిశోధన చేయు వైద్యుని జీవితము తరచుగా ఇట్టిదే. ఆయన కనుగొన్న మందు ఆయన చేతిమీదుగా ఒక్క రోగికిని అందకపోవచ్చును. పేరు వినని పల్లెలో, ముఖము చూడని తల్లికి అది ఫలించును. అట్టి ఫలమునకై ఎనిమిదేండ్లు ఇయ్యగల బిడ్డ ఏ ఇంట పుట్టునో ఎవరును ముందుగా చెప్పజాలరు. భోజనశాలలో గిన్నెలు కడుగువాడు కావచ్చును. మెట్రిక్యులేషను రెండుమార్లు తప్పినవాడు కావచ్చును.

అట్టి బిడ్డ ఈ గ్రామమున నున్నచో, ఆ బిడ్డకు మొదటి ప్రయోగశాల ఈ పఠనమందిరమే. ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము కథలను, పురాణములను, పత్రికలను చందాదారుల కందించినది. రాబోవు కాలమున వైద్యశాస్త్రజ్ఞుల జీవితచరిత్రలకును, విజ్ఞానగ్రంథములకును ఒక బీరువా వేరుగా ఏర్పరచుటకు కార్యవర్గమువారు పూనుకొందురుగాక. ఫలితముల దినమున పత్రికల బల్లచుట్టు చేరు పెద్దలు తమ మూడు ప్రశ్నలును అడిగిన పిమ్మట నాల్గవదానిని కూడ అడుగుదురుగాక. అడిగి, బిడ్డ సమాధానము చెప్పువరకు ఓపికతో వినుదురుగాక. ఆ బిడ్డకు జరుగవలసిన మొదటి ఇంటర్వ్యూ అదియే. దానియందు పరీక్షింపబడువారు తల్లిదండ్రులు కూడ.

గ్రంథాలయమునకు జయము.